గైడ్ టీచర్ డబ్బాలో మిగిలిన పదకొండు

మా గైడ్ టీచర్ పోయారని మొన్న జూన్‌లో తెలిసింది. బడులు తెరిచిన వారం. కోరుట్లలో నా యూనిఫాంల దుకాణం ముందు తల్లులు పిల్లల చేతులు పట్టుకొని కొలతల కోసం నిలబడి ఉన్నారు. మా పాత గైడ్ల గ్రూపులో ఒక్క వాక్యం వచ్చింది, టీచర్ తెల్లవారుజామున జగిత్యాలలో నిద్రలోనే కన్నుమూశారని. చదివి, ఫోన్ బోర్లా పెట్టి, మళ్లీ కత్తెర పట్టుకున్నాను. మూడు చొక్కాలకు కాలర్లు తప్పుగా కత్తిరించాక గానీ ఏం చేస్తున్నానో నాకు తెలియలేదు.

నాకు దుఃఖం వస్తే ఒకచోట కూర్చోవడం రాదు. ఆ రోజు దుకాణంలోనే అటూ ఇటూ తిరిగాను. కట్టిన మూటలు విప్పాను, విప్పినవి మళ్లీ కట్టాను. కోరుట్ల నుంచి జగిత్యాల ఎంత దూరమని? బస్సెక్కితే గంట కూడా పట్టదు. అయినా మధ్యాహ్నం దాటాక బయలుదేరాను. నేను చేరేసరికి తీసుకెళ్లిపోయారు. పని ఒత్తిడి వల్ల ఆలస్యమైందని అందరికీ చెప్పాను కానీ అది అబద్ధం. ఆమె ముఖం చూడటానికి భయపడ్డాను. ఎందుకు భయపడ్డానో చెప్పకుండా ఆమె గురించి రాస్తే అది సగం రాసినట్టే అవుతుంది.

ఆమె మాకు సాంఘికశాస్త్రం చెప్పేవారు. కానీ మేమెవరమూ ఆమెను సోషల్ టీచర్ అనలేదు. ఆడపిల్లల గైడ్స్ దళాన్ని నడిపేవారు కాబట్టి గైడ్ టీచరే. సిరిసిల్లలో మొదలుపెట్టి, కోరుట్లలో చాలా ఏళ్లు చేసి, జగిత్యాలలో రిటైరయ్యారు. సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ ఎక్కడికో బయలుదేరుతున్న మనిషిలా ఉండేవారు. ఏ బస్సుకైనా అరగంట ముందే వెళ్లి నిలబడేవారు. మెడలో పసుపు తాడుకు ఈల. రిటైరయ్యాక కూడా పాలవాణ్ని ఆ ఈలతోనే పిలిచేవారని వీధి వీధంతా నవ్వేది. కిరాణా నుంచి వచ్చిన ప్రతి పొట్లానికీ దళంలో నేర్పిన ముడి వేసేవారు. ఆ ముడి విప్పలేక ఆమె చెల్లెలు రోజూ విసుక్కునేది. మాలో ఎవరైనా అలిసిపోయామంటే, "ఊకె కూసుంటె ఇంకింత అలుస్తరు, లేవుండ్రి" అని తరిమేవారు. ఈ కుదురులేనితనం నాకు ఆమె నుంచే అంటుకుందేమో.

దళంలో చేరిన పిల్ల ప్రతిజ్ఞ చెప్పిన రోజున మూడు రేకుల ఇత్తడి బ్యాడ్జిని టీచర్ తన చేత్తో గుచ్చేవారు. తర్వాత వంట, కుట్టుపని, గాయాలకు కట్టు కట్టడం, ఇలా ఏది నేర్చుకొని పరీక్ష ఇస్తే దానికో గుండ్రని గుడ్డ బ్యాడ్జి వచ్చేది. దాన్ని ఇంటికి తీసుకెళ్లి నీలం చొక్కా చేతి మీద మేమే కుట్టుకోవాలి. బ్యాడ్జిలు హైదరాబాదు నుంచి వచ్చేసరికి నెలలు పట్టేవి కాబట్టి ఒక్కోదాన్నీ ప్రాణంలా చూసుకునేవాళ్లం. నాకు కుట్టుపని బ్యాడ్జి వచ్చిన రోజున మా అమ్మ దాన్ని నాలుగిళ్లకు చూపించి వచ్చింది. ఇప్పుడు నా బతుకుతెరువు ఆ పనే.

దళానికి ఇంకో నియమం ఉండేది. మధ్యలో బడి మానేసిన పిల్ల బ్యాడ్జిలు అప్పజెప్పాలి. ఆ రోజుల్లో బడి మానడం ఎంతసేపు? ఎనిమిదో తరగతిలో పెళ్లి కుదిరేది, లేదా ఇంట్లో చాట ఒళ్లో పెట్టుకొని బీడీలు చేయడానికి ఇంకో రెండు చేతులు కావలసివచ్చేది. అలాంటి పిల్ల చివరి రోజున స్టాఫ్ రూముకు వచ్చి నిలబడేది. టీచర్ చిన్న కత్తెరతో చేతి మీది బ్యాడ్జిని కోసి తీసుకునేవారు. చొక్కా మాత్రం పిల్లదే. ఎందుకు తీసుకుంటున్నారని ఎవరూ అడగలేదు. నేను పదో తరగతి దాకా ఉన్నాను కాబట్టి నా బ్యాడ్జి మీద కత్తెర పడలేదు. పడినవాళ్లకు ఎలా ఉంటుందో నేను ఆలోచించిందీ లేదు.

ఆ బ్యాడ్జిలు పై ఆఫీసుకు పంపాలి. టీచర్ పంపలేదు. దుబాయి నుంచి ఎవరి తండ్రో తెచ్చిన పాలపొడి డబ్బాలో వేసి, మూడు ఊళ్ల బదిలీలకూ వెంట తీసుకెళ్లారు. రిటైరైన పదేళ్లకు ఒక ఆదివారం నా దుకాణానికి వచ్చి ఆ డబ్బాను నా కుట్టు మిషను బల్ల మీద బోర్లించారు. చాయ్ తెప్పిస్తానన్నా వినలేదు. నిలబడే చెప్పారు.

"ఇవన్నీ నేను ఎత్తుకున్నయి బిడ్డా. ఆ పొల్లలు నేర్సుకున్నరు, పరీచ్చ ఇచ్చిండ్రు, తెచ్చుకున్నరు. బడి బంద్ జేస్తె నేర్సుకున్నది యాడికి పోతది? నేను జెయ్యంగ తప్పయింది. ఎవలది వాళ్లకు ఇయ్యాలె."

ఆ రోజు నుంచి నెలలో రెండు మూడు ఆదివారాలు మాకు అదే పని. వారమంతా ఆమె జగిత్యాల ఇంట్లో ఒక్కో బ్యాడ్జినీ భూతద్దం కింద పెట్టి ఎవరిదో తేల్చేవారు. ఆదివారం నేను బండి తీస్తే వెనక కూర్చొని దారి చెప్పేవారు. ఆ పిల్ల ఇప్పుడు ఏ ఊళ్లో ఉంది, ఏ ఇంటి కోడలైంది, ఎవరిని అడిగితే తెలుస్తుంది, అన్నీ ఆమె దగ్గర సిద్ధంగా ఉండేవి. బడి రిజిస్టర్లు ఎప్పుడో చెదలు తినేశాయి. మరి ఎలా తెలుస్తోందని అడిగితే, "బడికి రానోళ్లే ఎక్కువ యాదికుంటరు" అనేవారు.

ఇబ్రహీంపట్నం దగ్గర ఒక పల్లెకు వెళ్లిన రోజు నాకు బాగా గుర్తు. మేం వెతుక్కుంటూ వెళ్లిన ఆమె వాకిట్లో ఉడికించిన పసుపు కొమ్ములు ఆరబోస్తోంది. భర్త మస్కట్‌లో ఉన్నాడు. టీచర్‌ను పోల్చుకోగానే పసుపు చేతులు కొంగుకు తుడుచుకొని, ఏదో తప్పు చేసి దొరికినదానిలా బిగుసుకుపోయింది. టీచర్ ఆమె అరచేతిలో వంట బ్యాడ్జి పెట్టారు. ఆమె చాలాసేపు దాన్నే చూసి, ఇప్పుడు దీన్ని ఏం చేసుకోవాలి టీచర్, మనవరాళ్లు చూస్తే నవ్వుతారు అంది.

"ఏమన్న జేసుకో బిడ్డా. పారేసినా నీ ఇష్టమే. గని నీది నీ తాన ఉండాలె."

ఆమె పారేయలేదు. మేం బండి తిప్పుకొని వస్తుంటే పిట్టగోడ మీద కూర్చున్న ఆడవాళ్లకు చూపిస్తూ నవ్వుతోంది. ఇంటికొచ్చాక టీచర్ రెండు కప్పుల చాయ్ తాగారు. తను సంతోషంగా ఉంటేనే రెండో కప్పు అడిగేవారు.

బ్యాడ్జిల కాలం పోల్చడం ఆ తిరుగుళ్లలో నాకూ కొంత నేర్పారు. బాగా పాతవాటికి వెనక మందమైన ఉన్ని బట్ట ఉండేది, పురుగు తిన్న చిల్లులు కనిపించేవి. తర్వాతవి ఖాకీ నూలు బట్ట మీద చేత్తో కుట్టినవి. ఆ తర్వాతవి మిషను కుట్టువి, అంచుకు దట్టంగా దారం తిప్పినవి. చివరివాటికి వెనక ప్లాస్టిక్ పూత. ఇత్తడివైతే పిన్ను చూస్తే చాలు. ఇవన్నీ నేను చకచకా చెప్పేస్తుంటే టీచర్ తల అడ్డంగా ఊపేవారు.

"ముందటిదిక్కు అన్నీ ఒక్క తీర్గనే ఉంటయి. వెనకకు తిప్పి చూడు. అసలు సంగతి ఆడుంటది."

ఈ మాట ఆమె నాతో ఎన్నిసార్లు అన్నారో లెక్క లేదు. నేను దర్జీని. బట్ట తిప్పి లోపలి కుట్టు చూస్తేనే కుట్టినవాళ్ల పనితనం తెలుస్తుందని నా దగ్గర పని నేర్చుకున్న ప్రతి అమ్మాయికీ చెప్పినదాన్ని. టీచర్ కూడా అదే చెబుతున్నారనుకున్నాను. లోపలివైపు శుభ్రంగా ఉండాలని, దారాలు వేలాడకూడదని.

పోయినేడు ఆమె కంటి ఆపరేషన్‌కు కరీంనగర్ వెళ్తూ డబ్బా నా దగ్గర పెట్టారు. అప్పటికి ఇవ్వాల్సినవి పదకొండే మిగిలాయి. మురికిపట్టి, వెనకంతా ముడులు, దారపు తుంపులు, చొక్కా బట్ట నూగు. నా చేతులు ఊరుకోవు కదా. టీచర్ కొత్త కన్నుతో మొదట చూసేవి ఇవే కావాలనుకున్నాను. సబ్బుపొడి నీళ్లలో నానబెట్టాను. సూది మొనతో వెనకనున్న పాత దారాలన్నీ ఒక్కొక్కటే లాగేశాను. గంజి పెట్టి ఇస్త్రీ చేశాను. రెండు రోజులు దుకాణంలో వేరే పని ముట్టలేదు. ఎంత సంబరపడ్డానో ఇప్పుడు తలచుకుంటే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

టీచర్ నల్ల కళ్లద్దాలు తీసి ఒక్కొక్కటీ చేతిలోకి తీసుకున్నారు. ముందు చూశారు. వెనక్కి తిప్పారు. పదకొండూ అలాగే తిప్పి చూసి, "మంచిగ మెరుస్తున్నయి" అన్నారు. నాకు చాయ్ ఇప్పించారు. తను ఒక్క కప్పే తాగారు.

ఆ తర్వాతి ఆదివారం ఫోన్ రాలేదు. ఆపై ఆదివారమూ రాలేదు. మూడోవారం నేనే వెళ్లి, ఎవరింటికి పోదామని అడిగాను. ఇక పోయేది లేదన్నారు. కన్ను ఇంకా కుదుటపడలేదా అంటే, కన్ను మంచిగనే ఉందన్నారు. నేను వదలకుండా అడిగితే చెప్పారు, పాఠం చెప్పినట్టు నెమ్మదిగా. బట్ట చూస్తే కాలం తెలుస్తుంది, మనిషి తెలిసేది వెనకనున్న కుట్టులోనట. కోరుట్ల పిల్లలు ఇంట్లో చేతికందిన బీడీల సన్నదారంతోనే బ్యాడ్జి కుట్టుకునేవారు, బీడీకి చుట్టినట్టే రెండు చుట్లు చుట్టి బిగించేవారు. సిరిసిల్ల పిల్లలు మగ్గం దగ్గర తెగిన పోగులు తెచ్చుకునేవారు, వాళ్ల నాయన పోగులు అతికినట్టే ఎంత చిన్న ముడి వేసేవారంటే వేలికి తగిలేది కాదు. జగిత్యాలలో ఆఫీసర్ల పిల్లలు మిషను మీద కుట్టించేవారు. ఎడమచేతి పిల్ల కుట్టు ఇటు వాలేది. తల్లి లేని పిల్ల కుట్టు వంకర టింకరగా ఉండేది. ఒక్కో ముడి చూస్తే ఆమెకు ఒక్కో పిల్ల యాదికొచ్చేదట.

ఆ ముడులన్నీ నేను సూదితో లాగి చెత్తబుట్టలో పడేశాను.

నాకు అక్కడే ఏడుపొచ్చింది. టీచర్ కాసేపు ఏడవనిచ్చారు. తర్వాత నా చేతిలోంచి డబ్బా తీసుకొని మూత పెట్టారు.

"నువ్వు కడిగినవు, నేను కోసిన. ఇద్దరం మంచికే జేస్తున్నమనుకున్నం. ఏడ్వకు."

రూఢిగా తెలియకపోయినా ఎవరికో ఒకరికి ఇచ్చేద్దామని నేను బతిమాలాను. వేరే మనిషికి ఇస్తే అసలు పిల్ల దగ్గర రెండోసారి కోసినట్టేనన్నారు. ఆ మాట మీదే నిలబడ్డారు. అయితే ఆ తర్వాత మనిషి బయటికి కదలడం తగ్గింది. పాలవాణ్ని కూడా ఈలతో పిలవడం లేదని చెల్లెలు ఫోన్‌లో చెప్పింది. ఏదో ఒకటి చేద్దాం, బడులు తెరిచే హడావిడి అయిపోనీ అనుకుంటూ ఉన్నాను. ఆ హడావిడిలోనే ఆమె వెళ్లిపోయారు.

పదకొండో రోజున చెల్లెలు డబ్బా తెచ్చి నా ఒళ్లో పెట్టింది. అక్క నీకే ఇమ్మంది అని చెప్పి వంటింట్లోకి వెళ్లింది. తిట్టినా బాగుండేది. భోజనాలయ్యాక, వచ్చిన పాత గైడ్లందరి ముందూ నేను చేసింది చెప్పాను. బ్యాడ్జిలు గుడ్డ మీద పరిచాను. ఒక్కొక్కరూ వంగి చూశారు. ఒకామె కట్టు కట్టే బ్యాడ్జి తీసుకొని, ఇది నాదే కావచ్చు అని, మళ్లీ కాదేమో అని పెట్టేసింది. ఇంకొకామె టీచర్ గుర్తుగా ఏదో ఒకటి ఇమ్మని అడిగింది. ఇవ్వలేనన్నాను. ఆమె మనసు కష్టపెట్టుకుంది. పదకొండింటినీ తిరిగి డబ్బాలో వేసుకొని కోరుట్ల బస్సెక్కాను.

తర్వాత నెల రోజులు నాకు నిద్ర సరిగా లేదు, తిండి సరిగా లేదు. దొరికిన ప్రతి పాత ఫోటో తెప్పించాను. ఫోటోల్లో బ్యాడ్జి ఉన్న చెయ్యి ఎప్పుడూ అటువైపు తిరిగే ఉంటుంది. ఈ పనికి మనిషికి ఇంత తొందర పనికిరాదని టీచర్ ఉంటే అనేవారు. ఆమె లేకపోవడం వల్లే నా తొందర ఎక్కువైంది.

ఇంతలో ఒక బడివాళ్లు తమ చిహ్నం మార్చుకున్నారు. ఒక తల్లి నిరుటి చొక్కా తెచ్చి, చొక్కా గట్టిగానే ఉంది, జేబు మీద పాత గుర్తు తీసి కొత్తది కుట్టివ్వమంది. పాతదాన్ని విప్పి లాగాను. చొక్కా అంతా ఉతికి ఉతికి వెలిసిపోయింది. గుర్తు ఉన్నచోట మాత్రం కొన్ననాటి రంగు చెక్కుచెదరకుండా ఉంది, దాని చుట్టూ సూది రంధ్రాలు. ఇలాంటివి ఏటా వందలసార్లు చూసినదాన్నే. ఆ రోజు మాత్రం మిషను మీంచి లేచి నిలబడిపోయాను. దారం నేను పారేశాను, నిజమే. కానీ సూది దిగిన రంధ్రాలు బ్యాడ్జికీ ఉన్నాయి, చొక్కాకూ ఉండాలి.

అప్పటికప్పుడే గ్రూపులో పెట్టాను. బడి మానేసిన మీ అక్కలు, వదినలు, అత్తలు ఎవరైనా ఆ నీలం చొక్కా, కనీసం దాని ముక్కైనా దాచుకున్నారేమో అడగండి అని. నలభై ఏళ్లనాటి చొక్కా ఎవరు దాస్తారని ఒకామె జవాబిచ్చింది. ఆమె మాట సబబే. ఆరు రోజులు ఇంకెవరూ పలకలేదు. ఏడో రోజు సిరిసిల్ల నుంచి ఒకమ్మాయి ఫోన్ చేసింది. వాళ్ల మేనత్త చొక్కా లేదుగానీ అది వాళ్ల ఇంటి బొంతలో కలిసి ఉందని చెప్పింది.

మర్నాడే బయలుదేరాను. వేములవాడ దాకా బస్సులో దేవుడికి పోయేవాళ్ల మధ్య నిలబడే వెళ్లాను. సీటు దొరికినా కూర్చోగలిగేదాన్ని కాదు. సిరిసిల్లలో ఆ వీధికి వెళ్లాక మరమగ్గాల చప్పుడులో గట్టిగా అరిచి అడిగి ఇల్లు కనుక్కున్నాను.

ఆ మేనత్తకు నాకంటే పదేళ్లు ఎక్కువుంటాయి. చీర కొంగు నడుముకు చెక్కి, మంచం మీది బొంత దులిపి గడప దగ్గర వెలుతురులో పరిచింది. వాళ్లమ్మ కుట్టిందట. పాత చీరలు, లుంగీలు, పరదాల ముక్కల మధ్య ఒకచోట వెలిసిన నీలం ముక్క, దాని మీద గుండ్రటి ముదురు నీలం మచ్చ. ఉన్ని బట్ట బ్యాడ్జిలు నా దగ్గర మూడే ఉన్నాయి. మొదటిది పెట్టాను, రంధ్రాలు కలవలేదు. రెండోదీ కలవలేదు. మూడోది కట్టు కట్టే బ్యాడ్జి. దాన్ని కొద్దిగా తిప్పగానే సరిగ్గా కూర్చుంది. ఒక రంధ్రంలోంచి సూది గుచ్చి చూశాను, కిందనున్న రంధ్రంలోకి తనంత తాను దిగింది. పక్కదాంట్లో గుచ్చాను, అదీ దిగింది.

ఆమె దాని మీద అరచెయ్యి పెట్టింది. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు.

"టీచరమ్మ ఉన్నప్పుడే తెస్తె మంచిగుండు గద చెల్లె."

నా తప్పేనని చెప్పాను. కడిగింది, దారాలు లాగింది, ఆలస్యం చేసింది, అన్నీ చెప్పాను. టీచర్ చివరిదాకా తనే కోశానని కుమిలిపోయారని కూడా చెప్పాను. ఆమె వింతగా నా వైపు చూసింది.

"కోసింది అంటవేంది? నన్ను కిటికీదిక్కు చూడుమన్నరు. శానాసేపు పట్టింది. గంట కొట్టిండ్రు, పొల్లలందరు ఎల్లిపోయిండ్రు, ఇంక గట్లనే ఒక్కొక్క పోగు ఇప్పుకుంట కూసున్నరు. మల్ల ఆ అంగీ నేను నా లగ్గందాక తొడుక్కున్న."

నేను బ్యాడ్జి పక్కన పెట్టి ఆ ముదురు నీలం మచ్చ మీదికి వంగాను. ముప్పై ఏళ్లుగా ఇలాంటివి విప్పే చేతులు నావి. కత్తెర ఎంత జాగ్రత్తగా వాడినా మొన ఎక్కడో ఒకచోట బట్టకు తగులుతుంది, అది నాకు తెలుసు. అంచు వెంట వేలితో తడిమాను. కళ్లద్దాలు తుడుచుకొని మళ్లీ తడిమాను. ఆమె కూడా అటువైపు నుంచి తన వేలితో వెతకడం మొదలుపెట్టింది. ఇద్దరి వేళ్లూ ఆ మచ్చ చుట్టూ తిరిగి తిరిగి ఒకదానికొకటి తగిలాయి. ఎక్కడా ఒక్క గాటు లేదు.